కారు ముక్కుకి గుడ్డ

మొన్న మా మనవరాలు స్ఫూర్తి కొత్త కారు తెచ్చుకోబోతూ నన్ను తోడు రమ్మంది. గుంటూరులో షోరూము. లోపల అడుగు పెడితే ఒకటే చలి, మన మొహం మనకే కనపడేంత నున్నటి నేల, ఏదో అత్తరు వాసన. మా అబ్బాయి రవీ, వాడి కూతురూ బల్ల దగ్గర సంతకాలు పెడుతుంటే నాకేం తోచక గోడల మీది బొమ్మలు చూస్తూ తిరిగాను. అది జపాను కంపెనీ. తమ చరిత్రంతా పటాలు కట్టి వరసగా తగిలించుకున్నారు. మొదటి బొమ్మలో కారు లేదు, మగ్గం ఉంది. దాని పక్కన కోటు తొడుక్కున్న ఓ పెద్దమనిషి. ఇంకాస్త ముందుకెళ్తే ఇంకో బొమ్మలో అచ్చం మా నాన్న కారు. అదే గుండ్రటి వీపు, అవే చిన్న చిన్న దీపాలు. కానీ ముందు భాగం చూసి వేరే బండేమో అనుకున్నాను. అడ్డంగా మెరిసే కమ్మీలు, వాటి మధ్య సందులు, నోరారా నవ్వుతున్నట్టుంది. మా ఇంట్లో దాని నోటికి ఎప్పుడూ గుడ్డే. ఆ బొమ్మ చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. ఇంత వయసొచ్చి, మోకాళ్ళు అరిగి, గోడ మీది బొమ్మని చూసి ఒళ్ళు మండటం ఏమిటో! "నానమ్మా, చల్లగా ఏమన్నా తాగుతావా?" అని స్ఫూర్తి దూరం నించి అడిగింది. "తాగినా చల్లారే మంట కాదులేవే" అన్నాను.

మాది చిలకలూరిపేటకి దగ్గర్లో పల్లె. నాన్నకి పేటలో పత్తి జిన్నింగు మిల్లు, ఊళ్ళో మిరప చేలు. పొద్దున్న మిల్లుకి వెళ్ళొచ్చేసరికి కనుబొమల మీద తెల్లగా దూది, సాయంత్రం కళ్ళం నించి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా మంకెన పూలు. మాఘమాసం వచ్చిందంటే మా ఊళ్ళో తుమ్మనివాడు లేడు. కళ్ళాల నిండా ఎండుమిరపకాయలు పరిచి ఉండేవి. గాలి కొంచెం అటునించి వీచిందా, ఇళ్ళల్లో పసిపిల్లలతో సహా దగ్గు. కాయలు తిరగేసే ఆడవాళ్ళు పైట కొంగు ముక్కు మీదుగా చుట్టి వెనక్కి ముడేసుకునేవాళ్ళు. మగవాళ్ళు తువ్వాలు కట్టేవాళ్ళు. ముక్కుకి గుడ్డ లేకుండా కళ్ళంలోకి దిగితే "ఏరా, చావాలనుందా?" అని నాన్న గయ్యిమనేవాడు. మా అమ్మ గాడా అనే ముతక నూలు గుడ్డని రెండు పొరలు చేసి, అంచులు కుట్టి, నాలుగు పక్కలా నాడాలు పెట్టి, మిల్లు పనివాళ్ళందరికీ ఇచ్చేది. ఆ గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేస్తే వరసగా జెండాల్లా ఉండేవి. ఉతికే నీళ్ళ ఘాటుకి అమ్మ చేతులు సాయంత్రం దాకా మండేవి. ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టబోతే మేం పారిపోయేవాళ్ళం.

అప్పట్లో కారు కొనడమంటే పెళ్ళి సంబంధం కుదిరినంత పని. మన దేశంలో తయారయ్యే బండి కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కూర్చోవాలి. నాన్నకి కూర్చునే ఓపిక ఏది? మద్రాసులో పని మీద కొన్నాళ్ళుండి తిరిగి వెళ్ళిపోతున్న ఓ జపాను దొర తన కారు వేలానికి పెట్టాడని పత్తి బ్రోకరెవరో చెబితే, ఆ రాత్రికి రాత్రే మద్రాసు మెయిలెక్కేశాడు. నాలుగో రోజున తనే నడుపుకుంటూ వచ్చాడు. ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. అమ్మ హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టించి, ఒళ్ళంతా పసుపు బొట్లు పెట్టింది. అంతా అయ్యాక ఎవరో నెమ్మదిగా "ఏ దేశపు బండండీ?" అన్నారు. నాన్న "జపాను" అన్నాడు. అంతే, మొహాలన్నీ మారిపోయాయి.

ఈ కాలం పిల్లలకి చెబితే నమ్మరు. ఆ రోజుల్లో జపాను సరుకంటే తిరనాళ్ళలో అమ్మే రేకు బొమ్మలే. తాళం తిప్పితే డప్పు కొట్టే కోతి, సాయంత్రానికి స్ప్రింగు ఊడిపోయే కప్ప. నాసిరకం వస్తువు ఏది కనపడ్డా "జపాను మాలులే" అనేవాళ్ళు. పేటలో ఇంగ్లీషు కారున్న డాక్టరు గారు మా ఇంటికొచ్చి, బానెట్టు మీద వేలితో టకటకా కొట్టి చూసి, "రేకు పలచనండీ, వాళ్ళకి బొమ్మలు చేయడం తెలుసు గానీ కార్లేం తెలుసు?" అన్నాడు. పొన్నూరులో రైసుమిల్లున్న మా పెదనాన్నకి పడవంత అమెరికా కారు. అది రోడ్డెక్కితే పక్కన ఎడ్లబండి పట్టేది కాదు, పెట్రోలు మాత్రం చెరువుకి గండి పడ్డట్టు తాగేది. ఆయన మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఒరేయ్, దీనికి తాళం చెవి ఎక్కడ తిప్పాలిరా?" అని పకపకా నవ్వాడు.

నాన్న అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. ఆ కారు చేసిన వాళ్ళు అంతకుముందు మగ్గాలు చేసేవాళ్ళట. బ్రోకరు చెప్పిన సంగతది. తల్లి నేత నేస్తూ పడే అవస్థ చూసి పెద్దాయన మగ్గాన్ని బాగుచేశాడట. నేస్తుండగా ఒక్క దారం తెగితే చాలు, మగ్గం తనంతట తానే ఆగిపోతుందట. ఆ మగ్గాల డబ్బుతోనే కొడుకు కార్ల వైపు వెళ్ళాడట. ఇది చెప్పేటప్పుడు నాన్న చుట్ట ఆరిపోయినా చూసుకునేవాడు కాదు. "పత్తి తెలిసినవాడు చేసిన బండయ్యా ఇది! మన దూదికీ దీనికీ చుట్టరికం ఉంది" అనేవాడు. పత్తి మిల్లువాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ కారుని మా అందరికన్నా ముద్దుగా చూసుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసొచ్చి, భుజం మీది తువ్వాలుతో తన ఒళ్ళు తుడుచుకునే ముందు దాని అద్దాలు తుడిచేవాడు. "ఏమండీ, ముందు మీ తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది" అని అమ్మ అరుస్తూనే ఉండేది.

ఆ కారు వల్లే నాకు కాలేజీ దొరికింది. అది ఒప్పుకోవాలి. స్కూలు ఫైనలు నేను మంచి మార్కులతో పాసయ్యాను. పి.యు.సి. చదువుతానని పట్టుబట్టాను. ఆ పైన బి.ఎస్సీ. చదివి సైన్సు పాఠాలు చెప్పాలని నా కోరిక. గుంటూరులో ఆడపిల్లల కాలేజీ ఉంది. హాస్టలా? నాన్న చచ్చినా ఒప్పుకోడు. బస్సా? ఆ మాటెత్తితే కంచం ముందు నించి లేచిపోయేవాడు. చివరికి, "పత్తి పని మీద నేను రోజూ గుంటూరు పోయేవాణ్ణేగా, కార్లో దించి కార్లో తెస్తా. అంతే, ఇంకో మాట లేదు" అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి! మా ఊరి మిషను బళ్ళో టీచరు గారి అమ్మాయి రూతు కూడా నాతోనే చేరింది. కార్లో మాతో రమ్మంటే, వాళ్ళ నాన్న మొహమాటపడి బస్సులోనే పంపేవాడు. వానలు పోయి చలి వచ్చేదాకా మా కారు ఒక్క పూట కూడా మొరాయించలేదు. కిటికీ లోంచి కొండవీడు కొండ చూస్తూ, సూత్రాలు వల్లె వేసుకుంటూ దర్జాగా వెళ్ళొచ్చాను.

మాఘం వచ్చి కళ్ళాల్లో మిరపకాయ పడింది. ఓ రోజు నాన్న బానెట్టు ఎత్తి చూస్తే, లోపల మిరప కోరు, అంటే కాయల నించి లేచే ఘాటు దుమ్ము, దాని మీద దూది పీచు. ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "ఏమేవ్! మనుషులకే ముక్కుకి గుడ్డ లేకపోతే ఆగదు. దానిది మాత్రం ముక్కు కాదా? పాపం, ఎంత కోరు పీల్చిందో!" అని అమ్మ చేత పెద్ద గుడ్డ కుట్టించాడు. అదే గాడా గుడ్డ, రెండు పొరలు, అంచుకి కుట్టు, నాడాలు. కారు ముందు కమ్మీల మీద బిగించి కట్టాడు. చూడటానికి కళ్ళంలో కూలి ఆడమనిషి కొంగు చుట్టుకున్నట్టే ఉంది. ఊళ్ళో వాళ్ళంతా చూసి భేష్ అన్నారు. జపాను వాడికి తట్టని ఉపాయం మన మిల్లాయనకి తట్టిందన్నారు. నాన్న ఉబ్బిపోయాడు.

ఆ వారమే కారు ఆగడం మొదలుపెట్టింది. పొద్దున చల్లటి వేళ ఎలాగో చేరేది, సాయంత్రం ఎండలో తిరిగొచ్చేటప్పుడు ఏటుకూరు దాటకుండానే కుతకుతా ఉడికిపోయేది. ఎండలు ముదిరాక పొద్దున కూడా అంతే. రోడ్డు పక్కన ఆపడం, ఏ మోట బావి దగ్గరకో పోయి నీళ్ళు తేవడం, పొయ్యడం, చల్లారేదాకా కూర్చోవడం. నా మొదటి పీరియడు ఫిజిక్సు, రోజూ పోయేది. జనానికి పండగే పండగ. "చెప్పలా? జపాను మాలు!" అని డాక్టరు గారు. "స్ప్రింగు ఊడిందట్రా?" అని పొన్నూరు నించి పెదనాన్న కబురు. మెకానిక్కులు కూడా ఆ బండిని చూడగానే "దీనికి సామాన్లు దొరకవండీ" అని చేతులు కడిగేసుకున్నారు. నాన్న మాత్రం తొణకలేదు. "దారం తెగితే మగ్గం ఆగినట్టు, ఏదో తేడా ఉంటే ఇది ఆగుతుంది. ఆగడం కూడా తెలివే" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

తేడా ఏమిటో నాకు తెలిసింది. అదేం బ్రహ్మవిద్య కాదు. ఓ సోమవారం అమ్మ ఆ గుడ్డ విప్పి ఉతికి ఆరేసింది. ఆ పూట నాన్న తొందరలో గుడ్డ లేకుండానే బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాం, పెళపెళలాడే ఎండ. కారు ఎక్కడా ఆగలేదు. నేను వెనక సీట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంటికి రాగానే, "నాన్నా, గుడ్డ వల్లే! గాలి లోపలికి పోవాలి. గాలి తగిలితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. మా పుస్తకంలో ఉంది" అన్నాను. నాన్న నవ్వాడు. "మీ పుస్తకంలో మిరప కోరు గురించి రాశారా?" అన్నాడు. "అది కాదు నాన్నా, ఇవాళ గుడ్డ లేదు, ఆగలేదు, నువ్వే చూశావుగా!" "ఇవాళ గాలి చల్లగా ఉందిలే అమ్మాయ్." చల్లగాలట! నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయి ఉంది. అమ్మతో చెబితే, "ఆయన అంత ప్రేమగా కట్టుకుంటే నువ్వు వంకలు పెడతావేమే?" అని నన్నే కసిరింది. మర్నాడు పొద్దున్నే గుడ్డ మళ్ళీ కట్టాడు, ఈసారి ముడి ఇంకా గట్టిగా. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా! ఆ మాటే డాక్టరు గారు అనుంటే వెంటనే విప్పేవాడు. ఆయనకీ తెలియదు, ఆయన దృష్టిలో తప్పంతా జపాను వాడిదే.

పరీక్షలొచ్చాయి. ఫిజిక్సు పేపరు రోజున అమ్మ పెరుగన్నం పెట్టి, నా నుదుట కుంకుమ పెట్టి, కారుకీ పెట్టింది. చాలా ముందుగానే బయల్దేరాం. ఎడ్లపాడు దాటామో లేదో బానెట్టు సందుల్లోంచి ఆవిరి. నాన్న దిగి బిందె పట్టుకుని పొలాల్లోకి పరిగెత్తాడు. నేను దిగి గుడ్డ ముడి విప్పబోయాను. నాడాలు తడిసి బిగుసుకుపోయి ఉన్నాయి, ఇనుము పెనంలా కాలుతోంది. నీళ్ళు తెస్తున్న నాన్న చూసి, "ఒసేయ్, చెయ్యి కాలుద్దే!" అని నన్ను వెనక్కి లాగాడు. అప్పుడే బస్సొచ్చింది. మమ్మల్ని చూసి డ్రైవరు ఆపాడు. కిటికీలోంచి రూతు తల బయటపెట్టి, "భారతీ! రావే, బోలెడు టైముంది!" అని అరుస్తోంది. కండక్టరు తలుపు తీసి, "సీటుందమ్మాయిగారూ, రండి" అన్నాడు. నేను పుస్తకాలు తీసుకుని రెండడుగులు వేశాను. నాన్న అడ్డం వచ్చాడు. "మీరు పోండయ్యా, మేమొచ్చేస్తాం" అని కండక్టరుతో అన్నాడు.

"నేను వెళ్తాను నాన్నా. పరీక్ష నాన్నా!"

"ఇంట్లో కారు పెట్టుకుని మన పిల్ల బస్సులో వేలాడుతూ పోయిందంటే నలుగురూ ఏమంటారే?"

"వేలాడక్కర్లేదు, సీటుందంటున్నారుగా!"

"నేను చేర్చనా నిన్ను? నామీద నమ్మకం లేదా?" అని నా తల మీద చెయ్యి వేశాడు. కోప్పడి కొట్టినా ఎక్కేసేదాన్నేమో. అంత ప్రేమగా అడిగేసరికి పుస్తకాలు మళ్ళీ కారు సీట్లో పెట్టేశాను. బస్సు వెళ్ళిపోయింది. రూతు కనపడేంత దూరం చెయ్యి ఊపుతూనే ఉంది. "పోనీ ఆ గుడ్డన్నా తియ్యి నాన్నా, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. "ఇంత దుమ్ములోనా? ఉన్న కాస్త ప్రాణమూ పోద్ది దానికి" అన్నాడు. మళ్ళీ ఏటుకూరు దగ్గర ఆగింది. మేం చేరేసరికి కాలేజీ గేటు మూసేశారు. నాన్న వాచ్‌మన్ని బతిమాలాడు, లోపలి నించి వచ్చిన మేడం గారికి చేతులు జోడించాడు. నాన్న ఎవరికన్నా చేతులు జోడించడం నేను చూడటం అదే. ఆవిడ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. నేను గేటు కమ్మీలు పట్టుకుని ఏడ్చాను.

"సెప్టెంబరులో రాద్దువులే" అన్నాడు నాన్న. సెప్టెంబరు కన్నా ముందు పొన్నూరు నించి పెదనాన్న తెచ్చిన సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, వదులుకోకూడదన్నారు. అయిపోయింది నా చదువు. అన్నిటికన్నా నన్ను కాల్చేసిన సంగతి వేరే ఉంది. అంతమంది వెక్కిరించినా ఆ బండిని ఒక్క మాట పడనివ్వని మనిషి, నా పరీక్ష పోయాక, వచ్చిన ప్రతివాడితో "ఏం చేస్తామండీ, జపాను బండి, అమ్మాయి చదువు మింగేసింది" అన్నాడు! ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా? గుడ్డ కట్టినవాడు బాగానే ఉన్నాడు, కుట్టినావిడా బాగానే ఉంది, నోరు లేని బండిదా తప్పు? పెళ్ళి పందిట్లో కూడా ఆ మాట నా చెవిన పడింది. తల వంచుకుని పళ్ళు నూరుకున్నాను.

తర్వాత కారు పేటలో మిరపకాయల వ్యాపారం చేసే మస్తాన్ గారికి అమ్మేశారు. కొన్నేళ్ళకి ఆయన ధాన్యం బేరానికి పొన్నూరొచ్చి, నన్ను చూసి పోదామని మా అత్తగారింటి ముందు ఆగాడు. నేను పిల్లాణ్ణి చంకనేసుకుని వాకిట్లోకి వచ్చాను. కారు మెరిసిపోతోంది. మొహం మీద గుడ్డ లేదు.

"ఎలా ఉందన్నా బండి?" అని అడిగాను.

"బండా చెల్లెమ్మా, బంగారం! ఒక్క రోజు ఆగితే ఒట్టు. మా అమ్మాయి జరీనాని రోజూ గుంటూరు కాలేజీలో దించి నేను మిర్చి యార్డుకి పోతా. ఇంత మంచి బండి నాన్నగారు ఎందుకమ్మారో నాకిప్పటికీ అర్థం కాదు."

"మరి గుడ్డేది?" అన్నాను. ఆయనకి గుర్తు రావడానికే కాసేపు పట్టింది. "ఓ, అదా! మొదటి రోజే పీకేశా. ఊపిరాడొద్దా దానికి? కోరు పడితే పడింది, కడుక్కుంటాం" అన్నాడు. ఆయనకి లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చాను. ఆ తర్వాత పుట్టింటికి వెళ్ళినప్పుడు నాన్నతో చెప్పాను. అంతా విని, చుట్ట వెలిగించుకుని, "మొదట్లో కష్టమంతా మనం పడ్డాంగా. ఇప్పుడు దానికి మన రోడ్లు అలవాటయ్యాయి" అన్నాడు. ఇంక ఆ మనిషితో ఏం వాదిస్తాం! పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు. నన్ను ప్రాణంగా చూసుకున్నాడు, నా మాట మాత్రం ఒక్కటీ వినలేదు.

ఇవాళ, మేం కాపురముంటున్న పేట సెంటరులో నిలబడి చూస్తే వచ్చేవీ పోయేవీ సగం జపాను పేర్లే. అప్పుడు బానెట్టు మీద వేలితో కొట్టిన డాక్టరు గారి మనవడు కూడా అదే కంపెనీ కార్లో తిరుగుతూ, "ఇంజనుకి తిరుగులేదండీ, అమ్మినా మంచి ధర" అని నాకే చెబుతాడు. కళ్ళాల్లో కాయ ఇంకా ఎండుతూనే ఉంది. కార్ల ముందు గుడ్డలు లేవు. కాలం మారిందనుకుంటూ ఆ షోరూములో బొమ్మ ముందు నిలబడి ఉండగా, వెనక చప్పట్లు వినపడ్డాయి. స్ఫూర్తి కారు మీంచి ఎర్ర పట్టు గుడ్డ లాగారు. తాళాలు దాని చేతికిచ్చి ఫోటో తీశారు. తన సంపాదనతో కొనుక్కున్న కారు. ఫోటో అయిందో లేదో రవి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా. హైవే మీద లారీలు. నువ్వు నానమ్మతో వెనక కూర్చో. రేపటి నించి డ్రైవరుని పెడతా, ఆఫీసుకి వాడే దించుతాడు."

"నాకు వచ్చు డాడీ. లైసెన్సుంది."

"నిన్ను జాగ్రత్తగా చేర్చడానికి నేను లేనా? నామీద నమ్మకం లేదా?" అన్నాడు, దాని తల మీద చెయ్యి వేసి.

ఆ పిల్ల మెల్లగా తాళాలు వాడి చేతిలో పెట్టబోయింది. ఆ మొహం నాకు తెలుసు. నేను అద్దంలో చూసుకోలేదు గానీ, ఆ రోజు ఎడ్లపాడు రోడ్డు మీద నా మొహం అలాగే ఉండుంటుంది. నాకెక్కడి నించి వచ్చిందో గొంతు, షోరూమంతా తిరిగి చూసింది.

"ఒరేయ్ రవీ! చెయ్యి తియ్యరా! తాళాలు దానివి, కారు దానిది. వెనక సీట్లో కూర్చోలేకపోతే ఎదురుగా బస్టాపుంది, నువ్వు బస్సులో రా!"

వాడు తెల్లబోయాడు. "అందరూ చూస్తున్నారమ్మా" అన్నాడు. "చూడనీరా" అన్నాను. వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. వాడు గొణుక్కుంటూ వచ్చి వెనక ఎక్కాడు. స్ఫూర్తి బండిని హైవే ఎక్కించింది. ఏటుకూరు వెనక్కిపోయింది. ఎండ నిలువునా కాస్తోంది. ఎడ్లపాడు దగ్గర పడి, కొండవీడు కొండ కనపడగానే స్ఫూర్తి కాస్త నెమ్మదించింది. దానికి ఈ కథ నేను వందసార్లు చెప్పాను.

"ఇక్కడేగా నానమ్మా? ఆపనా?"

"ఆపకు" అన్నాను.